పిత్తాశయ క్యాన్సర్‌లో ప్రోటీన్ పరీక్షలు: ఏవి చేయించాలి, ఏవి వదిలేయవచ్చు

విజయవాడ సూర్యారావుపేటలో గాని, గుంటూరు కొత్తపేటలో గాని పిత్తాశయ క్యాన్సర్ రోగి చేతికిచ్చే పరీక్షల చీటీ ఈ మధ్య బాగా పొడవైంది. రక్తంలో సీఏ 19-9, సీఈఏ, సీఏ 125 అనే క్యాన్సర్ గుర్తులు (మార్కర్లు). ఆపరేషన్‌లో తీసిన ముక్క మీద హెర్-2, పీ53, కేఐ-67, పీడీ-ఎల్1, ఎంఎంఆర్ ప్రోటీన్లు. ఇవన్నీ చేయిస్తే మనిషి ఎంతకాలం ఉంటారో తేలిపోతుందని ఇంటివారు ఆశపడతారు. కొందరు అప్పు చేసి మొత్తం చేయిస్తారు, కొందరు ఖర్చుకు జంకి ఏదీ చేయించరు. రెండు విధాలా రోగికే నష్టం. స్లైడ్లు చదివి రిపోర్టులు రాయడమే వృత్తిగా ఉన్న మనిషిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. రోగి ఆయుర్దాయాన్ని అంచనా కట్టడంలో స్టేజీని (వ్యాధి ఎంతవరకు వ్యాపించిందన్న దశను) మించిన ప్రోటీన్ ఏదీ ఇంతవరకు రాలేదు. స్టేజీకి తోడుగా ఎక్కువ సమాచారం ఇచ్చేవి అల్బుమిన్ (కాలేయం తయారుచేసే రక్త ప్రోటీన్), సీఆర్‌పీ (ఒంట్లో వాపు వస్తే పెరిగే ప్రోటీన్), కామెర్లు తగ్గాక చూసిన సీఏ 19-9 అనే చవక పరీక్షలు. ఖరీదైనవాటిలో డబ్బు పెట్టదగినవి హెర్-2, ఎంఎంఆర్. అది కూడా ఆయుర్దాయం చెబుతాయని కాదు, ఇవ్వాల్సిన మందును మారుస్తాయి కనుక. మిగిలినవాటికి రోగి జేబులోంచి ఖర్చు పెట్టించడం అనవసరం.

స్టేజీని మించిన ప్రోటీన్ లేదు

పిత్తాశయం గోడ పలుచనిది. లోపలి పొర, దాని కింద కండర పొర, ఆ పైన కొద్దిపాటి సంధాయక కణజాలం, పొట్ట వైపున మాత్రం పైపొర ఉంటాయి. కాలేయానికి అంటుకుని ఉన్న వైపున ఆ పైపొర కూడా ఉండదు. అందుకే గడ్డ ఎంత పెద్దది అన్నదానికన్నా గోడలో ఎంత లోతుకు దిగింది, ఏ వైపుకు దిగింది అన్నదే రోగి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది. 2018 నుంచి అమలులో ఉన్న ఏజేసీసీ (క్యాన్సర్ స్టేజీలను నిర్వచించే అమెరికా కమిటీ) 8వ ఎడిషన్ స్టేజీ పద్ధతి ప్రకారం లోపలి పొరలోనే ఆగితే టీ1ఏ, కండర పొరకు చేరితే టీ1బీ, కండరం దాటి పొట్ట వైపు వ్యాపిస్తే టీ2ఏ, కాలేయం వైపు వ్యాపిస్తే టీ2బీ. ఈ చివరి రెండింటి లోతు ఒకటే అయినా కాలేయం వైపు వ్యాపించినవారి పరిస్థితే ఎక్కువగా విషమిస్తుంది. లింఫు గ్రంథుల విషయంలో 1 నుంచి 3 వరకు గ్రంథుల్లో క్యాన్సర్ ఉంటే ఎన్1, 4 లేదా అంతకన్నా ఎక్కువైతే ఎన్2 అని రాస్తారు. కనీసం 6 గ్రంథులైనా తీసి పరీక్షించకపోతే ఈ లెక్కను నమ్మడం కష్టం.

ఇంత వివరం ఎందుకంటే, ప్రోటీన్ పరీక్షల గురించి అడిగే చాలామంది చేతిలోని హిస్టోపాథాలజీ (ముక్కను మైక్రోస్కోపులో చూసి రాసే) రిపోర్టులో ఈ మూలవిషయాలే పూర్తిగా ఉండవు. లోతు ఎంత, ఏ వైపు, పిత్తాశయ నాళం కోసిన అంచులో క్యాన్సర్ ఉందా, గ్రంథులు ఎన్ని, నరాల చుట్టూ లేదా రక్తనాళాల్లో కణాలు కనిపించాయా అన్న ఐదు విషయాలు రిపోర్టులో లేకపోతే, కొత్త ప్రోటీన్ పరీక్షకు డబ్బు కట్టడం కన్నా పాత స్లైడ్లనే మరొక అనుభవజ్ఞుడైన పాథాలజిస్టుకు చూపించడం మేలు. దీనికయ్యే ఖర్చు తక్కువ, తెలిసేది ఎక్కువ.

స్టేజీతో సమానంగా పట్టించుకోవలసినది రోగి తిరగగలిగే శక్తి. స్వయంగా స్నానం చేసి, ఇంట్లో తిరుగుతూ, తన పని తాను చేసుకునే రోగికీ, మేలుకుని ఉన్న సమయంలో సగానికి మించి మంచం మీదే గడిపే రోగికీ ఒకే స్టేజీ రాసి ఉన్నా, ఇద్దరి అంచనా ఒకటి కాదు. దీనికి ల్యాబ్ అవసరం లేదు, ఇంటివారు నిజం చెబితే చాలు. డాక్టరు అడిగినప్పుడు మన రోగిని తక్కువ చేసి చెప్పడం ఎందుకని కొందరు ఉన్న నీరసాన్ని దాచిపెడతారు. దానివల్ల తట్టుకోలేని మందులు రాయించుకున్నట్టవుతుంది.

రక్తంలో కొలిచేవి

ముందుగా అందరూ అడిగే సీఏ 19-9 సంగతి. నిక్కచ్చిగా చెప్పాలంటే ఇది ప్రోటీన్ కాదు, ప్రోటీన్లకూ కొవ్వు అణువులకూ అంటుకుని ఉండే ఒక చక్కెర గొలుసు. వాడుకలో మాత్రం ప్రోటీన్ మార్కర్ల సరసనే చేరింది. సాధారణంగా మిల్లీలీటరుకు 37 యూనిట్ల లోపు ఉండాలి. ఆపరేషన్‌కు ముందు బాగా ఎక్కువగా ఉన్నవారిలో, ఆపరేషన్ తరువాత కూడా మామూలు స్థాయికి దిగనివారిలో వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అంతవరకు దాని విలువ నిజమైనదే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన చాలామందిలో, క్యాన్సర్ ఉన్నా లేకపోయినా, ఈ అంకె పెరుగుతుంది. నాళంలో రాయి, నాళంలో చీము, క్లోమగ్రంథి వాపు ఇవన్నీ దాన్ని వందల్లోకి తీసుకుపోగలవు. ఉదాహరణకు, బిలిరుబిన్ (కామెర్ల తీవ్రతను చూపే రక్తపరీక్ష అంకె) 14 ఉన్న రోజున సీఏ 19-9 చూస్తే 900 వచ్చిందనుకుందాం. నాళం తెరుచుకునేలా స్టెంట్ అనే గొట్టం వేసి, జ్వరం తగ్గి, కొన్ని వారాల తరువాత బిలిరుబిన్ 2 కు దిగినప్పుడు చూస్తే అదే అంకె 110 కావచ్చు. మొదటి 900 లో క్యాన్సర్ వాటా ఎంతో, అడ్డుపడిన పిత్తం వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. అందువల్ల కామెర్లు ఉన్నప్పుడు వచ్చిన అంకె చూసి రోగి ఆయుష్షు లెక్కగట్టడం తగదు. రిపోర్టు మీద సీఏ 19-9 పక్కనే అదే రోజు బిలిరుబిన్ ఎంత ఉందో రాసిపెట్టుకునే అలవాటు ప్రతి కుటుంబానికీ ఉండాలి. ఆ రెండో అంకె లేకుండా మొదటి అంకెకు అర్థం లేదు.

ఇంకో సంగతి. జనాభాలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి పుట్టుకతోనే ఈ చక్కెర గొలుసును తయారుచేసే శక్తి ఉండదు. అలాంటివారిలో వ్యాధి ఎంత ముదిరినా సీఏ 19-9 పెరగదు. స్కానింగ్‌లో గడ్డ స్పష్టంగా కనిపిస్తున్నా ఈ అంకె 2 లోపో 3 లోపో ఉంటే మంచి సూచన అని సంబరపడకూడదు, ఈ రోగికి ఈ పరీక్ష పనికిరాదని అర్థం చేసుకోవాలి. అటువంటివారికి సీఈఏ పనికొస్తుంది. మామూలుగా మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపు ఉండే సీఈఏ, పొగతాగేవారిలో కాస్త ఎక్కువగా ఉంటుంది. పిత్తాశయ క్యాన్సర్‌లో వ్యాధిని పట్టే శక్తి దానికి సీఏ 19-9 కన్నా తక్కువే అయినా, రెండూ కలిపి చేయించడానికి ఖర్చు పెద్దగా పెరగదు కనుక మొదటిసారి రెండూ చేయించమనే నా సలహా. సీఏ 125 మాత్రం పొట్టలోని పొరకు వ్యాధి పాకిందన్న అనుమానం ఉన్నప్పుడే అడగదగినది. పొట్టలో నీరు ఏ కారణంతో చేరినా, క్షయ వల్ల చేరినా, అది పెరుగుతుంది.

ఏ యంత్రం మీద చేశారన్నది కూడా ముఖ్యమే. ఒక కంపెనీ యంత్రం మీద వచ్చిన సీఏ 19-9 ను మరో కంపెనీ యంత్రం మీద వచ్చినదానితో పోల్చకూడదు. విజయవాడలో ఒకసారి, గుంటూరులో ఒకసారి, హైదరాబాదులో ఒకసారి చేయించి, 80, 130, 95 అని వచ్చిన అంకెలు చూసి వ్యాధి పెరిగింది, తగ్గింది అని కంగారుపడేవారు ఎందరో ఉన్నారు. మొదటి నుంచి చివరి వరకు ఒకే ల్యాబ్‌ను పట్టుకోవాలి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని రకాల యంత్రాల్లో అంకెను తారుమారు చేస్తాయి, కనుక రక్తం ఇచ్చేముందు ఆ మాత్రల విషయం ల్యాబ్‌వారికి చెప్పాలి.

ఇప్పుడు ఎవరూ మార్కర్ అని పిలవని రెండు ప్రోటీన్ల గురించి చెప్పాలి. అల్బుమిన్, సీఆర్‌పీ అనే ఈ రెండూ ఏ చిన్న ఊరి ల్యాబ్‌లోనైనా జరిగే పరీక్షలు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం పేరుతో ప్రసిద్ధమైన ఒక స్కోరు ఈ రెండింటి మీదే నిలబడింది. సవరించిన రూపంలో దాని లెక్క చాలా తేలిక: సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు గాని అంతకు తక్కువ గాని ఉంటే 0, 10 దాటి అల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాములకు తగ్గకుండా ఉంటే 1. సీఆర్‌పీ 10 దాటి అల్బుమిన్ 3.5 కన్నా తగ్గితే 2. స్కోరు పెరిగిన కొద్దీ బతికే కాలం తగ్గుతుందని అనేక రకాల క్యాన్సర్లలో తేలింది, పిత్తాశయ క్యాన్సర్ కూడా అందులో ఒకటి. శరీరం వ్యాధితో ఎంత పోరాడుతోంది, ఎంత కరిగిపోతోంది అన్న రెండు విషయాలూ ఈ జంట అంకెల్లో కనిపిస్తాయి. వేల రూపాయల పరీక్షలు ఇవ్వలేని సమాచారం ఇక్కడ వందల్లో దొరుకుతోందని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే దీన్ని కూడా సమయం చూసి చేయించాలి. నాళంలో చీముపట్టి చలిజ్వరం వచ్చిన రోజున సీఆర్‌పీ ఎలాగూ ఆకాశాన్ని అంటుతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక అది కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. అల్బుమిన్ అలా కాదు, దాని సగం ఆయుష్షే సుమారు మూడు వారాలు కనుక కోలుకోవడానికి వారాలు పడుతుంది. కొన్ని ల్యాబ్‌లు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తాయి. లీటరుకు 10 అంటే డెసిలీటరుకు 1. ఈ తేడా గమనించకపోతే స్కోరు పూర్తిగా తప్పుతుంది.

ముక్క మీద చేసేవి

ఐహెచ్‌సీ అనే పద్ధతిలో మైనపు బ్లాకు (ముక్కను మైనంలో దిగించిన దిమ్మ) నుంచి మైక్రాన్ల మందాన పొరలు కోసి, ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ వేసి, అది ఉన్నచోట గోధుమరంగు తేలేలా చేస్తారు. ఎంత రంగు వచ్చింది, ఎన్ని కణాల్లో వచ్చింది, కణంలో ఏ చోట వచ్చింది అన్నది పాథాలజిస్టు చూసి రాస్తారు.

వీటిలో మొదటి స్థానం కణాలను పెరిగేలా ప్రేరేపించే హెర్-2 కు ఇస్తాను. పిత్తాశయ క్యాన్సర్ రోగుల్లో సుమారు 10 నుంచి 20 శాతం మందిలో ఈ ప్రోటీన్ అధికంగా ఉంటుంది. కాలేయం లోపలి పిత్తనాళ క్యాన్సర్‌లో అంతకన్నా బాగా తక్కువ. ఇది ఎక్కువగా ఉన్నవారు తక్కువకాలం ఉంటారా అన్న ప్రశ్నకు అధ్యయనాల్లో ఏకాభిప్రాయం లేదు. కొన్ని ఉంటారన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. అయినా ఈ పరీక్ష చేయించమనడానికి కారణం, దాని ఫలితాన్ని బట్టి వాడే మందులు ఇప్పుడు చేతికి వచ్చాయి. మైపాత్‌వే అనే అధ్యయనంలో హెర్-2 ఉన్న పిత్తవ్యవస్థ క్యాన్సర్ రోగులు 39 మందికి ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ కలిపి ఇస్తే 9 మందిలో గడ్డలు గణనీయంగా తగ్గాయి. జానిడాటమాబ్ అనే మందుతో 80 మంది రోగుల మీద జరిగిన పరిశీలనలో 41 శాతం మందికి ఆ ఫలితం కనిపించింది. 2024 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, హెర్-2 స్కోరు 3+ ఉంటే క్యాన్సర్ ఏ అవయవానిదైనా, అంతకుముందు చికిత్స తీసుకుని ఉన్నవారికి, ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ వాడవచ్చని అనుమతించింది. ఈ కొత్త మందులు చాలా ఖరీదైనవి. ట్రాస్టుజుమాబ్ మాత్రం మన దేశంలోనే పలు కంపెనీలు తయారుచేస్తున్నందున ధర మునుపటికన్నా బాగా తగ్గింది.

హెర్-2 స్లైడు చదవడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. 3+ అనదగిన స్లైడులో కణాల పొరల మీద గోధుమరంగు దట్టంగా పట్టి, తక్కువ పవర్ లెన్సులోనే చేపల వల పరిచినట్టు కనిపిస్తుంది. 1+ లో అతి కష్టం మీద, ఎక్కువ పవర్‌లో మాత్రమే లేత గీతలు తెలుస్తాయి. మధ్యన ఉండే 2+ దగ్గరే ఇద్దరు పాథాలజిస్టులకు కూడా అభిప్రాయభేదం వస్తుంది. అందుకే 2+ అని వచ్చినప్పుడు ఫిష్ (జన్యువు ప్రతులను వెలిగే రంగుతో లెక్కించే) పరీక్షతో హెర్-2 జన్యువు నిజంగా పెరిగిందో లేదో తేల్చుకోవాలి. పిత్తాశయ క్యాన్సర్‌లో ఒకే గడ్డలో ఒక మూల 3+, మరో మూల 0 ఉండడం కూడా కనిపిస్తుంది. సన్నని సూదితో తీసిన చిన్న ముక్కలో రాలేదన్నంత మాత్రాన మొత్తం గడ్డలో లేదని చెప్పలేమన్నది ఇందువల్లే. ఆపరేషన్ బ్లాకులు ఉంటే వాటి మీద చేయించడమే మేలు.

రెండో స్థానం ఎంఎంఆర్ ప్రోటీన్లది. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్లు డీఎన్‌ఏలో పొరపాట్లను సరిచేస్తాయి. వీటిలో ఏదైనా లోపించినవారు పిత్తాశయ క్యాన్సర్‌లో నూటికి కొద్దిమందే ఉంటారు. అయినా ఆ కొద్దిమందికి పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక శక్తిని మేల్కొలిపే) మందులు దీర్ఘకాలం పనిచేసే అవకాశం ఉంది. ఈ లోపం ఉంటే క్యాన్సర్ ఏ అవయవానిదైనా ఆ మందు వాడవచ్చని అమెరికాలో 2017 లోనే అనుమతి వచ్చింది. పైగా కొందరిలో ఈ లోపం వంశపారంపర్యంగా వచ్చేది కనుక, తేలితే పిల్లలకూ తోబుట్టువులకూ జన్యు సలహా ఇప్పించాలి. ఒక్క పరీక్షతో ఇంటిల్లిపాదికీ ఉపయోగం కలిగే సందర్భం ఇది.

పీడీ-ఎల్1 (రోగనిరోధక కణాలను అడ్డుకునే ప్రోటీన్) విషయంలో నేను వెనకాడతాను. కీమోకు డర్వాలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు కలిపి చేసిన టోపాజ్-1 అధ్యయనంలో మధ్యస్థ జీవితకాలం 11.5 నెలల నుంచి 12.8 నెలలకు, పెంబ్రోలిజుమాబ్‌తో చేసిన కీనోట్-966 లో 10.9 నుంచి 12.7 నెలలకు పెరిగింది. ఈ రెండింటిలోనూ రోగులను పీడీ-ఎల్1 చూసి ఎంచుకోలేదు, ప్రయోజనం కూడా దాని స్థాయి మీద స్పష్టంగా ఆధారపడలేదు. ఫలితం ఎలా వచ్చినా మందు నిర్ణయం మారనప్పుడు ఆ డబ్బు ఎందుకు?

పీ53, కేఐ-67 ల మీద ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పవచ్చు. పీ53 జన్యువులో మార్పు పిత్తాశయ క్యాన్సర్‌లో అతి తరచుగా కనిపించేదే, కాని దాని రంగును బట్టి ఎవరు ఎక్కువకాలం ఉంటారో చెప్పబోతే అధ్యయనాలు ఒకదానికొకటి పొసగవు. కేఐ-67 కణాలు విభజన చెందే వేగానికి గుర్తు. 10 శాతమా, 20 శాతమా, 30 శాతమా ఎక్కడ గీత గీయాలో ఒప్పందం లేదు. ఒకవేళ అది న్యూరోఎండోక్రైన్ (హార్మోన్లు తయారుచేసే కణాల) రకం గడ్డ అయితే మాత్రం గ్రేడు నిర్ణయించడానికి కేఐ-67 తప్పనిసరి. ఈజీఎఫ్‌ఆర్, వీఈజీఎఫ్, ఇ-క్యాడ్‌హెరిన్, సైక్లిన్ డీ1, మ్యూక్ 1 వంటివి పరిశోధనశాలల్లో ఉండవలసినవి. పరిశోధనలో భాగంగా ఉచితంగా చేస్తామంటే సమ్మతి ఇవ్వడం మంచి పనే. బిల్లు వేస్తామంటే ఒప్పుకోనక్కరలేదు.

ఫార్మలిన్ సీసా

ఇంతా చేసి పరీక్ష సరిగా రావాలంటే ముక్క సరిగా భద్రపడాలి. మన ప్రాంతంలో రాళ్ల కోసం తీసిన పిత్తాశయాన్ని చాలాచోట్ల రోగి బంధువే ప్లాస్టిక్ సీసాలో పెట్టుకుని ల్యాబ్‌కు తీసుకువెళతారు. ఆ సీసా ఇరుకుగా ఉండి, అవయవం అడుగున నొక్కుకుపోయి, దాని మీద నాలుగు చెంచాల ద్రవం మాత్రమే ఉంటే, లోపల మిగిలిన పిత్తరసం కొద్ది గంటల్లోనే లోపలి పొరను కరిగించేస్తుంది. తరువాత ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా ప్రయోజనం ఉండదు. తీసిన గంటలోపు, అవయవాన్ని చీల్చి పిత్తం ఒలికించి, దాని పరిమాణానికి పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా అందులో ఉంచాలన్నది రొమ్ము క్యాన్సర్ హెర్-2 పరీక్షకు ఏర్పడిన నియమమే అయినా ఇక్కడ కూడా అదే పాటిస్తారు. సెలైన్‌లో పంపడం అన్నిటికన్నా చెడ్డది. రాళ్ల ఆపరేషన్ అయినా సరే, తీసిన ప్రతి పిత్తాశయాన్నీ హిస్టోపాథాలజీకి పంపాలి. పిత్తాశయ క్యాన్సర్లలో చెప్పుకోదగ్గ భాగం ఇలా అనుకోకుండానే బయటపడతాయి.

అంకెలు చదివేటప్పుడు

ఈ వ్యాధి మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కన్నా గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లో చాలా ఎక్కువ. అందువల్ల భారతీయ అధ్యయనాల్లో అధికభాగం ఉత్తరాది ఆసుపత్రుల నుంచి వచ్చినవి. మిగిలినవి జపాన్, కొరియా, చైనా, చిలీ వంటి దేశాలవి. ఒక కొత్త ప్రోటీన్ ఆయుర్దాయాన్ని చెబుతుందని ప్రకటించే వ్యాసాల్లో చాలావరకు ఒకే ఆసుపత్రికి చెందిన కొద్దిమంది రోగుల పాత బ్లాకుల మీద చేసినవే. ఎంత రంగును ఎక్కువ అనాలో ముందు నిర్ణయించుకోకుండా, ఫలితం చూశాక తేడా బాగా కనిపించేచోట గీత గీస్తే ఏ ప్రోటీన్ అయినా ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. ఈ లోపాలను అరికట్టడానికే 2005 లో రిమార్క్ అనే మార్గదర్శకాలు వెలువడ్డాయి. వ్యాసం చదివే యువ వైద్యులు ఒక్క ప్రశ్న తప్పక వేసుకోవాలి: స్టేజీని, గ్రంథులను, కోసిన అంచును లెక్కలో కలిపిన తరువాత కూడా ఈ ప్రోటీన్ అదనంగా ఏమైనా చెబుతోందా? ఆ లెక్క లేని వ్యాసాన్ని చికిత్సకు ఆధారంగా తీసుకోకూడదు.

మధ్యస్థ జీవితకాలం అన్న మాట కుటుంబాలను ఎక్కువగా భయపెడుతుంది. 2010 లో వెలువడిన ఏబీసీ-02 అధ్యయనంలో జెమ్‌సిటాబిన్ అనే కీమో మందు ఒక్కటే తీసుకున్నవారికి 8.1 నెలలు, సిస్‌ప్లాటిన్ కూడా కలిపి తీసుకున్నవారికి 11.7 నెలలు అని వచ్చింది. దాని అర్థం ప్రతి రోగీ పన్నెండో నెలలో పోతారని కాదు. సగంమంది ఆ కాలంకన్నా ముందు, సగంమంది ఆ తరువాత అని మాత్రమే. తరువాతి సగంలో రెండేళ్లు, అంతకుమించి ఉన్నవారూ ఉంటారు. ప్రోటీన్ పరీక్షలు రోగి ఏ సగంలో ఉండే అవకాశం ఎక్కువో కాస్త సూచించగలవు. తేదీ మాత్రం చెప్పలేవు.

రోగి పరిస్థితిని బట్టి ఎంపిక

రాళ్ల ఆపరేషన్ తరువాత అనుకోకుండా క్యాన్సర్ బయటపడినవారు ముందు లోతు తెలుసుకోవాలి. టీ1ఏ అయి, నాళం అంచు శుభ్రంగా ఉంటే చేసిన ఆపరేషన్ సాధారణంగా సరిపోతుంది. ప్రోటీన్ పరీక్షల అవసరమే లేదు. టీ1బీ గాని అంతకు మించి గాని ఉంటే, స్కానింగ్‌లో వ్యాధి పాకలేదని తేలాక, కాలేయంలో కొంత భాగాన్నీ గ్రంథులనూ తీసే రెండో ఆపరేషన్ గురించి క్యాన్సర్ సర్జన్‌తో ఆలస్యం లేకుండా మాట్లాడాలి. దానికి ముందు సీఏ 19-9, సీఈఏ, అల్బుమిన్ చేయించి పెట్టుకుంటే తరువాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. హెర్-2 వెంటనే చేయించనక్కరలేదు, బ్లాకు భద్రంగా ఉంటే చాలు.

కామెర్లతో వచ్చినవారి సంగతి వేరు. కామెర్లు రావడమే వ్యాధి ముదిరిందనడానికి ఒక గుర్తు. ముందు పిత్తం దారి తెరవాలి, జ్వరం తగ్గాలి. ఆ తరువాతే సీఆర్‌పీ, అల్బుమిన్, సీఏ 19-9. నిర్ధారణ కోసం ముక్క తీసేటప్పుడు వీలైతే కాస్త లావు సూదితో తీసే కోర్ బయాప్సీ అడగండి. సన్నని సూదితో కణాలు పీల్చే ఎఫ్‌ఎన్‌ఏసీలో వచ్చే కొద్దిపాటి కణాలు క్యాన్సర్ అని చెప్పడానికి సరిపోయినా హెర్-2 కు, ఎంఎంఆర్ కు చాలకపోవచ్చు. రెండోసారి సూది పొడిపించుకునే బాధ తప్పుతుంది.

కాలేయానికో, పొట్ట పొరకో, ఊపిరితిత్తులకో పాకినవారిలో, తిరగగలిగే ఓపిక ఉంటే, కీమో మొదలుపెడుతూనే హెర్-2, ఎంఎంఆర్ రెండూ పంపించాలి. ఫలితం కోసం కీమో ఆపకూడదు. మొదటి విడత మందులు పనిచేస్తున్న కాలంలోనే రెండో విడతకు దారి తెలిసి ఉంటుంది. ఆర్థికంగా వీలుండి ఎన్‌జీఎస్ అనే విస్తృత జన్యు పరీక్ష చేయించేవారికి ఎంఎంఆర్ సమాచారం దాదాపుగా అందులోనే వస్తుంది కనుక విడిగా మళ్లీ కట్టనక్కరలేదు. ఒక్కటే చేయించగలిగే స్తోమత ఉంటే నేను హెర్-2 నే ఎంచుకుంటాను.

మంచం దిగలేని స్థితిలో, అల్బుమిన్ 2.5 కు దిగి, కీమో తట్టుకోలేరని డాక్టరు చెప్పిన రోగికి ఏ ప్రోటీన్ పరీక్షా వద్దు. ఆ డబ్బు, ఆ ప్రయాణాలు నొప్పి తగ్గించే చికిత్సకూ, దురదకూ, వాంతులకూ, ఇంటి దగ్గర చూసుకునే మనిషికీ వెచ్చించాలి. ఇది చేతులెత్తేయడం కాదు. ఆ దశలో రోగికి అన్నిటికన్నా అవసరమైన వైద్యం ఇదే.

పల్నాడు నుంచో, బాపట్ల నుంచో, గుడివాడ నుంచో వచ్చేవారు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని క్యాన్సర్ విభాగంలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ముందుగా అడిగి, ఏయే పరీక్షలు అక్కడే జరుగుతాయో తెలుసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఆపరేషన్ ప్యాకేజీలో హిస్టోపాథాలజీ, ఐహెచ్‌సీ ఉన్నాయో లేవో రాతపూర్వకంగా అడగడం మంచిది. ఎక్కడ చేయించుకున్నా, రిపోర్టు కాగితంతో పాటు మైనపు బ్లాకు నంబరు రాసి పెట్టుకోండి. బ్లాకు కావాలని అడిగే హక్కు రోగికి ఉంది. దరఖాస్తు ఇచ్చి, సంతకం పెట్టి తీసుకోవచ్చు. వేరే ల్యాబ్‌కు పంపేటప్పుడు ముందే కోసి నెలల తరబడి నిల్వ ఉంచిన స్లైడ్ల కన్నా బ్లాకు పంపడమే మేలు, కోసిన పొరల మీద ప్రోటీన్ల గుర్తులు కాలం గడిచేకొద్దీ సన్నగిల్లుతాయి. పని పూర్తయ్యాక ఆ బ్లాకును తిరిగి తెప్పించుకోవాలి. ఏడాది తరువాత వ్యాధి తిరగబెడితే అప్పటికి వచ్చిన కొత్త మందుకు తగిన పరీక్ష దాని మీదే చేయవలసి రావచ్చు.